బెయిల్ వచ్చింది, మనిషి రాలేదు

మాది నల్లగొండ జిల్లా. ఒక కోర్టు గేటుకు ఎదురుగా నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఏ ఊరి కోర్టో చెప్పను, రోజూ ఆ గేటు ముందే బతకాలి కదా. జిరాక్స్, ప్రింటు, టైపింగ్, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, లామినేషన్, ఇదీ మన వ్యాపారం. లాయర్లు, గుమస్తాలు, కోర్టు కానిస్టేబుళ్లు, వాయిదాలకు వచ్చే పార్టీలు, అందరి కాగితాలూ నా మిషన్ మీదుగానే పోతాయి. నేను లా చదవలేదు. కానీ ఏ పిటిషన్‌కి ఎన్ని సెట్లు తీయాలో, ఏ కాగితం లేకపోతే మనిషి ఎక్కడ ఆగిపోతాడో కొత్తగా వచ్చిన జూనియర్ లాయర్లకు నేనే చెప్తుంటాను.

టీవీలో కింద స్క్రోలింగ్‌లో బెయిల్ మంజూరు అని పడుతుంది. సాయంత్రానికి ఆ పెద్దమనిషి జైలు గేటు దగ్గర పూలదండలతో, వెనకాల కార్ల లైనుతో కనిపిస్తాడు. ఇది చూసి చూసి బెయిల్ వస్తే మనిషి వచ్చినట్టేనని జనం ఫిక్సయిపోయారు. మామూలోడి కేసులో ఆర్డర్ వచ్చాకే అసలు తిరుగుడు మొదలవుతుంది. ఆ ఆర్డర్‌లో ఒక లైను ఉంటుంది, ఇంత మొత్తానికి సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు షూరిటీలు, అంటే వాయిదాలకు వస్తాడని పూచీ పడేవాళ్లు, ఉండాలి అని. ఆ ఒక్క లైను దగ్గర ఆగిపోయి జైల్లోనే ఉండిపోయేవాళ్లను నేను చాలామందిని చూశాను. చేసిన తప్పు చిన్నదే, శిక్ష పడనే లేదు, జడ్జిగారు పొమ్మన్నారు కూడా, అయినా మనిషి లోపలే ఉంటాడు, ఎందుకంటే బయట వాళ్లింటి పన్ను రసీదు సరిగ్గా లేదు.

షూరిటీ అంటే ఏం కావాలో తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. సొంత ఇల్లు ఉండాలి. ఈ ఏడాది ఇంటి పన్ను కట్టిన రసీదు కావాలి. ఆ ఇంటి విలువ ఇంత అని పంచాయతీ కార్యదర్శో మున్సిపాలిటీవాళ్లో ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. ఆధార్, ఫొటోలు, అఫిడవిట్, ఆ తర్వాత ఆ మనిషే స్వయంగా వచ్చి జడ్జి ముందు నిలబడాలి. ఉద్యోగస్తుడైతే జీతం స్లిప్పుతో పని అయిపోతుంది, కానీ ఇలాంటి కేసుల్లో ఇరుక్కునే ఇళ్లలో సర్కారు ఉద్యోగి ఎక్కడ దొరుకుతాడు?

ఒక తల్లి సంగతి చెప్తా, వివరాలు కొన్ని మార్చి. దేవరకొండ అవతల తండా. కొడుకు హైదరాబాదులో సెంట్రింగు పనికి పోతాడు, పండక్కి వచ్చినప్పుడు దోస్తులతో కలిసి తిరిగి బైకు దొంగతనం కేసులో దొరికాడు. బెయిల్ అయింది. ఆమె షాపులోకి వచ్చి కౌంటర్ మీద ఒక ప్లాస్టిక్ కవరు పెట్టింది, యూరియా బస్తా లోపల ఉండే పల్చటి కవరు, నాలుగు మడతలు పెట్టి పురికొసతో కట్టింది. విప్పితే అందులో రేషన్ కార్డు, ఆధార్లు, ఎప్పటిదో కరెంటు బిల్లు, ఒక ఇంటి పన్ను రసీదు. రసీదు మీద సిరా వానకు తడిసి అలుక్కుపోయింది, పేరు మాత్రం కనిపిస్తోంది. ఆమె మామ పేరు. ఆయన చనిపోయి చాలా కాలమైంది.

"అన్నా, బెయిల్ అయిందని లాయర్ సారు చెప్పిండు. మరి పిలగాడు ఎందుకొస్తలేడు?" అని అడిగింది.

ఆమెకు నేనేం చెప్పాలి? మామ పేరు మీద రసీదు పనికిరాదు. పైగా అది పాత పంచాయతీ రసీదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు చాలావరకు విడి పంచాయతీలు అయ్యాయి కదా, మంచిదే అయింది, కానీ ఇంటి నంబర్లు కొత్తవి, పేర్లు ఎక్కించుకోనివాళ్లు ఎక్కించుకోనట్టే ఉన్నారు. ఆమె తమ్ముడు షూరిటీకి రెడీ, ఆయనది ఇందిరమ్మ ఇల్లు, అది భార్య పేరు మీద ఉంది, భార్యేమో పనికి పట్నం పోయింది. ఇంకొకాయన పట్టా పాస్‌బుక్ పట్టుకొచ్చాడు, చూస్తే అది అసైన్డ్ భూమి, అమ్ముకునే హక్కు లేని భూమిని పూచీ కింద ఎట్లా తీసుకుంటారు? చివరికి పక్కింటాయనను బతిమాలి తీసుకొచ్చారు. అన్నీ సరిపోయాయి, ఆధార్‌లో ఇంటిపేరు 'రమావత్' అని ఉంది, రసీదులో 'రామావత్'. దీర్ఘం ఒక్కటే తేడా. ఇద్దరూ ఒకరేనని మళ్లీ ఒక అఫిడవిట్, అది టైపు చేసింది నేనే. ఇంతలో ఆ పక్కింటాయనకు ఎవరో చెవిలో ఊదారు, రేపు పిలగాడు వాయిదాకు రాకపోతే నీ ఇల్లు జప్తు చేస్తారు అని. ఆయన మళ్లీ కనపడితే ఒట్టు.

ఇల్లు జప్తు అన్నది పెంచి చెప్పిన మాటే గానీ, ఊరికే పుట్టిన భయం కాదు. నిందితుడు వాయిదాలకు రాకపోతే షూరిటీ రాసిచ్చిన మొత్తం ఎందుకు వసూలు చేయకూడదో చెప్పమని కోర్టు నోటీసు ఇస్తుంది, కట్టకపోతే వసూలు చేస్తుంది. అందుకే సొంత మేనమామలు కూడా ఫోన్ ఎత్తరు.

అప్పుడు రంగంలోకి దిగేవాళ్లు ఉన్నారు. మా టీ కొట్టు దగ్గర పొద్దున పదింటికల్లా నలుగురైదుగురు కూర్చుని ఉంటారు, తెల్ల చొక్కా, జేబులో నాలుగు మడతల రసీదు. అద్దె షూరిటీలు. రేటు కేసును బట్టి, మొత్తాన్ని బట్టి, మనిషి మొహంలో ఎంత టెన్షన్ కనపడుతుందో దాన్ని బట్టి. లోపల జడ్జిగారు నిందితుడు నీకేమవుతాడని అడిగితే మా ఊరోడే సార్ అంటాడు, ఊరి పేరు గుమాస్తా వరండాలో చెప్పి పంపిస్తాడు. ఎంతమందికి షూరిటీ ఉన్నావో అఫిడవిట్‌లో రాసివ్వాలని చట్టంలోనే ఉంది. ఆ లైను నేనే టైపు చేస్తాను. ఏం రాయమంటారో మీరే ఊహించుకోండి. నకిలీ రసీదులు, నకిలీ ముద్రలతో షూరిటీలు పెట్టి దొరికిపోయిన వార్తలు మన పేపర్లలో వస్తూనే ఉంటాయి, అదో వేరే పురాణం.

నాకు నవ్వొచ్చేది ఇక్కడే. షూరిటీ పద్ధతి ఎందుకు పెట్టారు? నిందితుడిని బాగా ఎరిగినవాడు, వాడి మీద పట్టున్నవాడు, వాయిదా రోజున చెవి పట్టుకుని లాక్కొచ్చేవాడు ఒకడు బాధ్యత తీసుకోవాలని. నిజంగా వాడిని ఎరిగిన తల్లి దగ్గర రసీదు లేదని ఆమెను పక్కన నిలబెట్టి, వాడి మొహం కూడా చూడనివాడితో సంతకం పెట్టిస్తున్నాం. తీరా వాడు వాయిదాకు రాకపోతే ఈ అద్దె మనిషి ఎక్కడ వెతుకుతాడు, నా తలకాయ! కానిస్టేబుల్ చివరికి ఆ తల్లికే ఫోన్ చేస్తాడు.

ఇదేదో మా ఊరి గొడవ అనుకోకండి. 1978లో సుప్రీంకోర్టుకు మోతీరామ్ కేసు అని ఒకటి పోయింది. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ మేస్త్రీ, బెయిల్ వచ్చింది, 10,000 రూపాయల షూరిటీ అడిగారు. ఆ రోజుల్లో పది వేలంటే మేస్త్రీకి ఎన్నేళ్ల కూలో. సొంత తోడబుట్టినవాడు ముందుకొస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు కాదన్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును ఉతికి ఆరేశారు. ఒక మలయాళీయో తెలుగువాడో బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో కేసులో ఇరుక్కుంటే అక్కడ ఆస్తి ఉన్నవాణ్ని ఎక్కడ నుంచి తెస్తాడని అడిగారు. ఆ మేస్త్రీని 1,000 రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. పాలమూరోళ్లకు ఈ మాట ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. తాతల కాలం నుంచి ముంబై, భివండి, పుణె పోయి మట్టి పని చేసినవాళ్లు, అక్కడ గొడవలో ఒకణ్ని లోపలేస్తే లోకల్ షూరిటీ కావాలంటే ఎవరున్నారు? కూలీల గుంపు మేస్త్రీ ఉన్నాడు, ఆయనే అడ్వాన్సు ఇచ్చి పనికి తీసుకుపోయినోడు. ఆయన షూరిటీ ఇస్తే ఆ అప్పు ఎప్పటికీ తీరదు.

అది 1978. మరి ఇప్పుడు? 2022 చివరి నాటికి దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లు 5,73,220 మంది, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్షే పడలేదు. ఆ ఏడాదే నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం రోజున, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి బీద ఖైదీల గురించి మాట్లాడారు. తర్వాత సుప్రీంకోర్టు బెయిల్ వచ్చినా బయటికి రానివాళ్లు ఎంతమందో లెక్క తీయమంటే దాదాపు 5,000 మంది తేలారు. 2023 జనవరి 31న కోర్టు కొన్ని ఆదేశాలు ఇచ్చింది, అవి నేను ప్రింటు తీసి షాపులో గోడకు అంటించాను. బెయిల్ ఆర్డర్ కాపీ ఆ రోజో మరునాడో ఈమెయిల్‌లో జైలుకు పంపాలి. వారం లోపల మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు, అంటే ఉచితంగా లాయర్‌ని ఇచ్చే ఆఫీసుకు, చెప్పాలి. నెల దాటినా షూరిటీలు పెట్టలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టు తనంతట తానే చూడొచ్చు. లోకల్ షూరిటీయే కావాలని పట్టుబట్టడం వల్ల ఆలస్యమవుతోంది, అది పెట్టకండి అని కూడా సూచించింది. షూరిటీలు తెచ్చుకోవడానికి తాత్కాలికంగా వదలొచ్చు అని కూడా ఉంది. ఎంత బాగుందో చూడండి. గోడ మీద చదివినవాళ్లు మాత్రం, నిజమా సార్, ఇట్లుందా అని నన్నే అడుగుతారు.

బైకు కేసుల్లో ఇంకో మెలిక ఉంది. ఒకడు దొరికాడంటే వాడి దగ్గర ఒక బైకే దొరకదు, ప్రెస్ మీట్‌లో వరసగా నిలబెట్టి చూపిస్తారు కదా. ఐదు బైకులంటే ఐదు ఎఫ్ఐఆర్‌లు, ఒక్కోటి ఒక్కో స్టేషన్. ఒక కేసులో బెయిల్ వచ్చేలోపు ఇంకో కేసులో పీటీ వారెంట్, అంటే జైల్లో ఉన్నవాణ్ని ఆ కేసు కోర్టులో హాజరుపరచమని ఇచ్చే వారెంట్. ఐదింట్లో బెయిల్ వచ్చిందంటే పది మంది షూరిటీలు. పెళ్లికి కూడా పది మంది చుట్టాలు సొంత ఇల్లున్నోళ్లు రారు మా తండాల్లో. ఇదే బాధతో 13 కేసుల్లో బెయిల్ తెచ్చుకుని బయటపడలేకపోయిన ఒకాయన కేసులో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు, అన్ని కేసులకూ అవే షూరిటీలు చాలునని ఒప్పుకుంది. మన దగ్గర ఆ తీర్పు కాపీ జతచేసి పిటిషన్ వేసే లాయరు దొరకాలి అంతే.

కొత్త క్రిమినల్ చట్టాలు 2024 జులై 1 నుంచి వచ్చాయి కదా. మొదట్లో సెక్షన్ నంబర్లు మారి లాయర్లే తికమకపడ్డారు, నాకు మాత్రం పాతవి కొత్తవి పక్కపక్కన వేసిన పట్టిక ప్రింట్లు బాగా అమ్ముడుపోయాయి. అందులో పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 479 సెక్షన్ ఒకటుంది. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపేస్తే పూచీకత్తు మీద వదిలేయాలి. మామూలు దొంగతనానికి మూడేళ్లు గరిష్ఠం, అంటే ఏడాది. జైలు సూపరింటెండెంటే కోర్టుకు రాయాలని కూడా ఉంది. కానీ ఒకటికి మించి కేసులు పెండింగులో ఉంటే ఇది వర్తించదు. ఐదు బైకుల కుర్రాడు ఇక్కడ కూడా జారిపోతాడు. 484 సెక్షన్‌లో షూరిటీ మొత్తం మరీ ఎక్కువ ఉండకూడదని ఉంది. ఎక్కువ అంటే ఎవరికి ఎక్కువ? రైసు మిల్లు ఓనరుకా, మిల్లులో బస్తాలు మోసేవాడికా?

అన్నీ అయ్యి షూరిటీలు ఓకే అయిన రోజు కూడా మనిషి రాకపోవచ్చు. రిలీజ్ ఆర్డర్ తయారవ్వాలి, సంతకం కావాలి, అది జైలుకు చేరాలి, అదీ సాయంత్రం బ్యారక్‌లకు తాళం పడేలోపు. శనివారం మధ్యాహ్నం ఆర్డర్ అయితే ఇంట్లోవాళ్ల గుండె దడ చూడాలి. ఆర్డర్‌లో తండ్రి పేరో సెక్షన్ నంబరో తేడా ఉంటే జైలువాళ్లు వెనక్కి పంపిస్తారు, వాళ్లనూ అనలేం, తప్పు మనిషిని వదిలితే వాళ్ల ఉద్యోగం పోతుంది. కానీ ఉత్తరప్రదేశ్‌లో ఘజియాబాద్ జైలువాళ్లు సెక్షన్‌లో ఒక చిన్న క్లాజు రాయలేదని సుప్రీంకోర్టు ఇచ్చిన బెయిల్‌నే ఆపేస్తే, 2025 జూన్‌లో ఆ ఖైదీకి 5 లక్షలు ఇవ్వమని కోర్టు ఆదేశించింది. ఆ వార్త కటింగ్ కూడా గోడ మీద ఉంది.

షాపులో ఈ మాటలు మాట్లాడితే, దొంగనాకొడుకుల మీద నీకెందుకు అంత జాలి అని తిట్టేవాళ్లూ ఉన్నారు. మా బావమరిదే అంటాడు, వాడి బైకు పోయింది మరి. సరే, వాడి సంగతే చెప్తా. బైకు దొరికింది, సంతోషం. కేసు ప్రాపర్టీ కాబట్టి స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండి వానకు తడిసి సీటు చినిగి చెట్టు కింద ఉంది. విడిపించుకోవాలంటే కోర్టులో పిటిషన్ వేయాలి, ఆర్సీ, ఇన్సూరెన్సు జిరాక్స్‌లు పెట్టాలి. తీరా ఆర్డర్ వస్తే అందులో ఏముంది? ఒక షూరిటీ. సొంత బైకు సొంత ఇంటికి తెచ్చుకోవడానికి మా వాడు ఇంటి పన్ను రసీదు ఉన్నవాడి కోసం వారం తిరిగాడు. వాళ్ల ఇల్లు ఇంకా మా మామగారి పేరు మీదే ఉంది. ఇలాంటి బండ్లు స్టేషన్లలో కుళ్లబెట్టొద్దు, ఫొటోలు తీసి పూచీ రాయించుకుని త్వరగా ఇచ్చేయండి అని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. మీ ఊరి స్టేషన్ ముందు ఒకసారి ఆగి చూడండి, ఎన్ని బండ్లకు తీగలు పాకాయో.

పెద్ద కేసుల గురించి అందరూ మాట్లాడతారు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో జరిగిన పరువు హత్య దేశమంతా చూసింది, దాని తీర్పు నల్లగొండ ప్రత్యేక కోర్టులో 2025 మార్చి 10న వచ్చింది, ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. దేశం కళ్లన్నీ ఉన్న కేసుకే ఆరున్నరేళ్లు పట్టింది. ఎవరికీ పట్టని బైకు కేసు ఎప్పుడు తేలుతుంది? ఆ లోపల కుర్రాడి సెంట్రింగు పని ఇంకొకడికి పోతుంది, ములాఖత్ కోసం తల్లి బస్సు ఖర్చులకు వడ్డీకి తెస్తుంది. చివరికి సాక్షులు రాక కేసు కొట్టేస్తారు, లేదంటే ఇప్పటిదాకా ఉన్నదే శిక్ష కింద సరి అంటారు.

మన దగ్గర ఇంకో వింత. సంగారెడ్డి పాత జైలును మ్యూజియం చేసి, 2016లో 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీలాగా ఉండొచ్చని పెట్టారు. జైల్లోకి పోవడానికి టికెట్ పెట్టారు. రావడానికే రసీదు కావాలి.

నన్నడిగితే చిన్న కేసుల్లో షూరిటీ అనేదే ఎత్తేయాలి. సొంత పూచీకత్తు, ఆధార్, తల్లిదో భార్యదో ఫోన్ నంబరు, వారానికోసారి స్టేషన్‌లో సంతకం. వాడు పారిపోతాడా అంటే, సెంట్రింగు పనోడు ఎక్కడికి పారిపోతాడు, లండన్‌కా? ఇది జడ్జీల చేతిలో ఇప్పుడే ఉంది, కొత్త చట్టం ఏమీ అక్కర్లేదు. కొందరు ఇస్తున్నారు కూడా, వాళ్ల కోర్టులో పని ఉన్న రోజు నా దగ్గర అఫిడవిట్ గిరాకీ సగానికి పడిపోతుంది. పోనీ, నష్టమేం లేదు.

ఇప్పుడు ఎవరి ఇంట్లోనైనా బెయిల్ వచ్చి మనిషి రాని పరిస్థితి ఉంటే, ఇవి చేయండి. జైల్లో ఉన్నవాడికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలి, అది 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం. 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు పోండి, అక్కడ లీగల్ ఎయిడ్ లాయర్లు ఉంటారు. షూరిటీకి బదులు నగదు డిపాజిట్ చేస్తామని అడగొచ్చు, నాగరిక్ సురక్షా సంహితలో 490 సెక్షన్. అదీ లేదంటే బీద ఖైదీల కోసం కేంద్రం 2023లో పెట్టిన పథకం ఉంది, బెయిల్ కోసం డబ్బు సాయం ఇస్తారు, కొన్ని రకాల కేసులకు మాత్రం వర్తించదు, జిల్లాలో కమిటీ చూస్తుంది, దాని గురించి ఆ ఆఫీసులోనే అడగండి. నెల దాటితే షరతు సడలించమని పిటిషన్ వేయించండి, 2023 జనవరి ఆర్డర్ పేరు చెప్పండి. టీ కొట్టు దగ్గర కూర్చునేవాళ్ల దగ్గరికి మాత్రం పోకండి, నకిలీ రసీదు బయటపడితే మీ మీద ఇంకో కేసు. ఊళ్లోనే దొరికే షూరిటీ ఉంటే ఆయనను వెంటబెట్టుకుని రండి, రెండు ఫొటోలు, ఆధార్ ఒరిజినల్, ఇంటి పన్ను రసీదు ఈ ఏడాదిదే తేవాలి, పోయిన ఏడాదిది ఒప్పుకోరు.